నీళ్ల కరెంటు, సముద్రపు కరెంటు: నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఇరవై ఆరేళ్లు హైడల్ (జలవిద్యుత్) స్టేషన్లలో పని చేశాను, అందులో ఎక్కువ భాగం మెకానికల్ మెయింటెనెన్స్‌లోనే. ఇప్పుడు రిటైరై విశాఖలో ఉంటున్నాను. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఒక్కోసారి రైతులు కూడా ఫోన్ చేస్తుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

జలవిద్యుత్ నూరేళ్ల నాటి టెక్నాలజీ కదా, ఇందులో ఇంకా పరిశోధించడానికి ఏముంది సార్?

నూరేళ్లు దాటిన మాట నిజమే. డార్జిలింగ్ దగ్గర సిద్రాపోంగ్‌లో 1897లో, మైసూరు సంస్థానంలోని శివనసముద్రంలో 1902లో మొదలైంది. శివనసముద్రం కరెంటు కోలార్ బంగారు గనులకు వెళ్లేది. మన వైపు మాచ్‌ఖండ్ 1955 నుంచి తిరుగుతోంది. నీళ్లు పైనుంచి కిందికి దిగి చక్రాన్ని తిప్పుతాయనే సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, కానీ ఆ చక్రం మీద పడే పని పూర్తిగా మారిపోయింది.

నేను చేరిన కొత్తలో యూనిట్ (టర్బైన్, జనరేటర్ కలిసిన యంత్రం) ఒకసారి లైన్లోకి వచ్చిందంటే, రిజర్వాయర్‌లో నీళ్లున్నంత కాలం, రోజుల తరబడి ఒకే లోడ్ మీద నడిచేది. ఇప్పుడలా కాదు. పగలంతా సోలార్ వస్తుంది, పొద్దు గుంకగానే పోతుంది, సరిగ్గా అదే టైముకి ఇళ్లల్లో లైట్లు, ఏసీలు, స్టవ్‌లు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. ఆ ఖాళీని పూడ్చడానికి హైడల్ యూనిట్‌ని రోజుకి రెండు మూడు సార్లు ఆపాలి, మళ్లీ తిప్పాలి, సగం లోడ్ మీద నడపాలి. ఫ్రాన్సిస్ రకం టర్బైన్‌కి సగం లోడ్ అస్సలు పడదు. రన్నర్ (నీళ్లు తిప్పే చక్రం) కింద, నీళ్లు బయటికి పోయే డ్రాఫ్ట్ ట్యూబ్ అనే గొట్టంలో అవి తాడు పేనినట్టు మెలితిరుగుతాయి, పవర్ హౌస్ నేల మన కాళ్ల కింద అదురుతుంది, కొన్నేళ్లకు లోహంలో సన్నటి బీటలు వస్తాయి. యంత్రాన్ని చెడగొట్టకుండా ఇలా ఎన్నిసార్లు ఆపి తిప్పొచ్చు, బీట పడకముందే ఎలా పసిగట్టొచ్చు అన్నదే ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న ముఖ్యమైన పరిశోధన.

ఇంకొకటి కావిటేషన్. దీన్ని పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు. మొదటిసారి నేను డ్రాఫ్ట్ ట్యూబ్ మ్యాన్‌హోల్లోంచి లోపలికి దూరి, రన్నర్ కింద కట్టిన చెక్క పలకల మీద నిలబడి టార్చి వేసి చూస్తే, బ్లేడు వెనక వైపు అరచేయంత మేర చెదలు తిన్న చెక్కలా గుల్లబారి ఉంది. అది స్టీలు! ఒక గుంతలో వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది. ఒత్తిడి బాగా పడిపోయిన చోట నీళ్లలో ఆవిరి బుడగలు పుడతాయి, ఒత్తిడి మళ్లీ పెరిగే చోట అవి పగులుతాయి, పగిలిన ప్రతి బుడగా లోహం మీద చిన్న సుత్తి దెబ్బ కొడుతుంది. అలాంటి దెబ్బలు వేలూ లక్షలూ కావు, కోట్లు. మేం ఆ గుంతల్ని గ్రైండ్ చేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్లతో వెల్డింగ్ నింపి, టెంప్లేట్ పెట్టి చూసుకుంటూ పాత ఆకారానికి తెచ్చేవాళ్లం. ఆ ఆకారంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా వచ్చే ఏడాదికి మళ్లీ అక్కడే తినేస్తుంది. బ్లేడు ఆకారం, పైపూతలు, శబ్దాన్ని బట్టి కావిటేషన్‌ని గుర్తుపట్టే సెన్సార్లు, ఇవన్నీ ఎంటెక్, పీహెచ్‌డీ చేసే పిల్లలకు నిండా పని ఉన్న విషయాలు.

పూడిక సంగతి కూడా చెప్పాలి. శ్రీశైలం రిజర్వాయర్ మొదట 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్కలో ఉన్నది 215 టీఎంసీలే. మిగతా చోటంతా మట్టిదే. ఇంత పెద్ద నష్టం గురించి కృష్ణా పరివాహకంలోనే కూర్చుని పని చేసే పరిశోధకులు ఇప్పుడున్నంత మంది చాలరు. గోదావరి వాళ్లకైతే పులస గురించి వేరే చెప్పక్కర్లేదు. గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏటికి ఎదురీదే చేప అది, అడ్డుగా కట్టిన ప్రతి కట్టా దాని దారి మూసేదే. చేప దెబ్బ తినకుండా దాటిపోగలిగే టర్బైన్ల మీద, చేపల మెట్ల మీద బయటి దేశాల్లో చాలా పని జరుగుతోంది. మన నదుల్లో, మన చేపల మీద అది జరగాలి.

ఒక టీఎంసీ నీళ్లతో ఎంత కరెంటు వస్తుంది?

మన వాళ్లకి టీఎంసీ అంటేనే అర్థమవుతుంది కాబట్టి ఆ లెక్కే చెబుతాను. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అది 100 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్లోకి దిగితే, యంత్రంలో పోయే నష్టం పదిశాతం తీసేసినా, దాదాపు 70 లక్షల యూనిట్లు వస్తాయి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. రెండూ నిండి ఉన్నప్పుడు తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. అందుకే శ్రీశైలం నుంచి సాగర్‌కి ఒక టీఎంసీ వదిలితే సుమారు 60 లక్షల యూనిట్లు అనుకోవచ్చు. గేట్లెత్తి ఊరికే వదిలితే చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, నాకైతే ఆ లెక్క గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

కరెంటు తీసేశాక ఆ నీళ్లలో బలం పోతుందంట కదా? పంటకి పనికిరావంట?

పోదు. టర్బైన్ తీసుకునేది నీళ్ల వేగాన్ని, ఒత్తిడిని మాత్రమే. నీళ్లు నీళ్లుగానే బయటికొస్తాయి. సాగర్ కాలువల మీద కూడా పవర్ హౌస్‌లు ఉన్నాయి, కుడి కాలువ మీద 90 మెగావాట్లు, ఎడమ కాలువ మీద 60 మెగావాట్లు. ఆ యంత్రాలు దాటి వచ్చిన నీళ్లతోనే గుంటూరు, నల్గొండ, ఖమ్మం జిల్లాల్లో వరి పండుతోంది. ఈ అనుమానం అడిగే పెద్దవాళ్లని ఎవరూ తక్కువ చేసి మాట్లాడొద్దు, వాళ్లకి ఎవరూ కూర్చుని విడమరిచి చెప్పలేదు, అంతే.

పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. నీళ్లు పైకి తోడడానికే కరెంటు కావాలి కదా, అందులో లాభమేంటి?

యూనిట్ల లెక్క చూస్తే నష్టమే, అది దాచాల్సిన పని లేదు. 100 యూనిట్లు పెట్టి నీళ్లు పైకి ఎక్కిస్తే తిరిగి వచ్చేది 75 నుంచి 80. లాభం ఉన్నది టైములో. మిట్టమధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లి, కొన్నిసార్లు ఆపేయమని చెప్పాల్సి వచ్చే కరెంటుతో నీళ్లని కొండ మీదికి ఎక్కిస్తాం. రాత్రి ఏడు గంటలకి, కరెంటు ఖరీదు మండిపోతున్నప్పుడు దించుతాం. ధాన్యం ధర లేనప్పుడు గాదెలో పోసి, ధర వచ్చినప్పుడు తీయడం లాంటిదే ఇది, ఎలకలు తినే 20 శాతం పోను మిగతాది మనదే.

మన రెండు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో ఎనిమిది యూనిట్లుంటే అందులో ఏడు రివర్సిబుల్, అంటే రెండు వైపులా తిరిగి నీళ్లని పైకి కూడా తోడగలిగేవి, ఒక్కోటి 100.8 మెగావాట్లు. ఆ యూనిట్లు 1980ల నాటికే వచ్చాయి, కానీ కింద నీళ్లు నిలిపే టెయిల్ పాండ్ డ్యామ్ మాత్రం దశాబ్దాల తర్వాత గానీ రాలేదు. తోడడానికి కింద నీళ్లే నిలవకపోతే రివర్సిబుల్ యంత్రం ఏం చేస్తుంది? ఈ ఉదాహరణ నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను, ఎందుకంటే ప్రాజెక్టులో ఒక్క ముక్క ఆగితే మిగతా పెట్టుబడి అంతా ఎలా కూర్చుండిపోతుందో ఇంతకంటే బాగా చూపించేది ఇంకోటి లేదు. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో ఉన్న 900 మెగావాట్ల కేంద్రంలోనూ ఆరు యూనిట్లూ రివర్సిబులే.

కొత్త వాటిలో నంద్యాల జిల్లా పిన్నాపురం చూడదగ్గది, 1680 మెగావాట్లు. అది నది మీద కట్టింది కాదు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నీళ్లు నింపుకుంటే, తర్వాత ఎండకు ఆవిరైనంత మేర కలుపుకుంటూ అవే నీళ్లని కిందికీ పైకీ తిప్పుతారు. సీలేరు మీద ఏపీ జెన్‌కో తలపెట్టిన ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ 1350 మెగావాట్లది, 150 మెగావాట్ల యూనిట్లు తొమ్మిది.

బ్యాటరీలు చౌకైపోతున్నాయి. పదేళ్ల తర్వాత ఇవన్నీ ఎవరిక్కావాలి?

బ్యాటరీలు రావాలి, వస్తాయి. రెండు మూడు గంటల పనికి అవి బాగుంటాయి. ఆరేడు గంటలు వరుసగా కరెంటు ఇవ్వాలన్నా, నలభై యాభై ఏళ్లు మన్నాలన్నా నీళ్లదే పైచేయి. కానీ నేను ఎప్పుడూ చెప్పే కారణం వేరే ఉంది, అది 2020 ఏప్రిల్ 5 రాత్రి.

ప్రధాని పిలుపు మేరకు రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు దేశమంతా లైట్లు ఆర్పిన రోజది. అప్పటికి రెండు రోజుల ముందు నుంచే పవర్ హౌస్‌లలో అందరికీ ఒకటే టెన్షన్. అంత పెద్ద లోడ్ ఒక్కసారిగా పడిపోయి మళ్లీ ఒక్కసారిగా లేస్తే గ్రిడ్ నిలబడుతుందా? చివరికి దేశంలో డిమాండ్ దాదాపు 31 వేల మెగావాట్లు పడిపోయింది. బొగ్గు కేంద్రాలు అంత త్వరగా తగ్గలేవు. హైడల్ ఒక్కటే ఇరవై ఐదు నిమిషాల వ్యవధిలో 17 వేల మెగావాట్లకు పైగా తగ్గి, లైట్లు వెలగగానే మళ్లీ పైకి లేచింది. ఎక్కడా కరెంటు పోలేదు. ఆ రాత్రి టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ప్యానెళ్ల ముందు నిలబడి పని చేసిన ఆపరేటర్ల పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు, అందుకే ఇక్కడైనా వాళ్లని తలచుకుంటున్నాను.

ఇంకో మాట. గ్రిడ్ మొత్తం కుప్పకూలితే, 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో జరిగినట్టు, మళ్లీ మొదటి వెలుగు తెచ్చేది కూడా ఎక్కువగా హైడలే. బొగ్గు కేంద్రం స్టార్ట్ కావడానికే బయటి నుంచి బోలెడు కరెంటు కావాలి. హైడల్‌కి ఒక బ్యాటరీ బ్యాంకు, చిన్న డీజిల్ జనరేటర్, పైన నీళ్లు ఉంటే చాలు.

కొండల్లో ఉన్న గిరిజనుల ఊళ్ల సంగతేంటి? ఇది కూడా అభివృద్ధేనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. శ్రీశైలం కింద దాదాపు వంద ఊళ్లు మునిగాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పడవల్లో వెళ్లి దండం పెట్టుకుని వస్తారు, ఆ గుడి చుట్టూ ఒకప్పుడు ఊరుండేదని చాలామందికి తెలియదు. మా స్టేషన్లో పని చేసిన ఒక హెల్పర్ వాళ్ల ఊరు కూడా అలా పోయిందే. నష్టపరిహారం కాగితం పట్టుకుని వాళ్ల నాన్న ఎన్ని ఆఫీసులు తిరిగాడో చెప్పేవాడు, చెబుతూ పని ఆపేవాడు కాదు.

ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లో పంప్డ్ స్టోరేజీకి చోట్లు చూస్తున్నారు, అక్కడి ఆదివాసులు వద్దంటూ రోడ్డెక్కుతున్నారు. అది ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే ఆదివాసులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, 1996 పెసా చట్టం కింద గ్రామసభకు హక్కు ఉంది, అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకి ఇవ్వొద్దన్న 1997 సుప్రీంకోర్టు సమతా తీర్పు ఉంది. గ్రామసభ తీర్మానం అంటే సంతకాలు సేకరించే తతంగం కాదు. నది మీద కాకుండా బీడు కొండల మీద, ఎవరి ఇల్లూ పొలమూ పోని చోట కట్టగలిగే ప్రాజెక్టులు ఉన్నప్పుడు వాటికే మొదట వెళ్లాలన్నది నా అభిప్రాయం. ముప్పై కిలోమీటర్ల అవతల కొండ ఖాళీగా ఉంటే, కాఫీ మిరియాలు పండే కొండ ఎందుకు?

విశాఖ సముద్రంలో అన్ని అలలున్నాయి, వాటితో కరెంటు తీయొచ్చు కదా?

తీయొచ్చు, కానీ ఎంత వస్తుందన్నదే ప్రశ్న. సముద్రంలో కరెంటుకి మూడు దారులు: ఆటుపోట్లు, అలలు, పైనీళ్లకీ లోతునీళ్లకీ మధ్య ఉష్ణోగ్రత తేడా.

ఆటుపోట్లు మన దగ్గర తేలిపోతాయి. విశాఖలో పోటుకీ ఆటుకీ తేడా మహా అయితే మీటరున్నర. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్లు దాటుతుంది. ఫ్రాన్స్‌లో లారాన్స్ దగ్గర 1966లోనే 240 మెగావాట్ల ఆటుపోట్ల కేంద్రం కట్టారు, దక్షిణ కొరియాలో సిహ్వా దగ్గర 254 మెగావాట్లది 2011 నుంచి నడుస్తోంది. మన దేశంలో కచ్ సింధుశాఖలో 50 మెగావాట్లది, సుందర్బన్స్‌లో దుర్గాదువానీ దగ్గర 3.75 మెగావాట్లది అనుకున్నారు. రెండూ ఖర్చు దగ్గరే ఆగిపోయాయి.

అలలు మన తీరంలో స్కాట్లండ్, పోర్చుగల్ వైపు ఉన్నంత బలంగా ఉండవు, పైగా తుపానులు. ఈ రెండో మాట మీద కొంచెం ఆగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను సెలవు మీద విశాఖలోనే ఉన్నాను. మర్నాడు బీచ్ రోడ్డుకి వెళ్తే రైలింగ్ కమ్మీలు దారపు పోగుల్లా వంగిపోయి ఉన్నాయి. అలల యంత్రం ఏడాదిలో 360 రోజులు చిన్న అలల మీద పని చేయాలి, మిగతా ఐదు రోజులు ఆ దెబ్బ తట్టుకోవాలి. మామూలు రోజుల కోసం తేలిగ్గా కడితే తుపానుకి పోతుంది, తుపాను కోసం బరువుగా కడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రపంచమంతా ఈ ముడి దగ్గరే తలపట్టుకుంటోంది.

తుప్పు, గుల్లలు ఇంకో తలనొప్పి. జాలారిపేటలో ఒక పెద్దాయన పడవ ఒడ్డున బోర్లించి అడుగు గీకుతుంటే పక్కన కూర్చుని చూశాను. గీకిన గుల్లలు చిన్న తట్టెడు అయ్యాయి. "ఎన్నాళ్లకి పడతాయి?" అని అడిగితే "వదిలేస్తే సముద్రం ఊరుకుంటాదా బాబూ, నెల తిరక్కుండా పట్టేస్తాది" అన్నాడు. పడవని ఒడ్డుకి లాగి గీకొచ్చు. నీళ్ల అడుగున తిరిగే టర్బైన్‌ని ఎవరు లాగుతారు? స్కాట్లండ్‌లో మేజెన్ అనే ప్రాజెక్టు కింద సముద్రం అడుగున, ఆటుపోట్ల ప్రవాహానికి తిరిగే నాలుగు టర్బైన్లు పెట్టారు, మొత్తం 6 మెగావాట్లు, వాటిలో ఒకటి అనుకోని రిపేరు లేకుండా ఆరేళ్లకు పైగా నడిచింది. బయటివాళ్లకి ఇది చిన్న వార్త. బేరింగులు, సీళ్లు మార్చి మార్చి చేతులు కాయలు కాసిన నా లాంటివాడికి మాత్రం పండగ.

మన దేశంలో ఎవరైనా నిజంగా ప్రయత్నించారా?

చేశారు, ఎవరూ గట్టిగా చెప్పుకోలేదంతే. కేరళలో విళింజం దగ్గర ఐఐటీ మద్రాస్ వాళ్లు 150 కిలోవాట్ల అలల కేంద్రం కట్టారు, 1991లో నడిచింది. ఒక పెద్ద కాంక్రీటు గది, కింద తెరిచి ఉంటుంది, అల లోపలికి వచ్చినప్పుడల్లా పైనున్న గాలిని నెడుతుంది, ఆ గాలి టర్బైన్‌ని తిప్పుతుంది. తర్వాత అక్కడే అలల కరెంటుతో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్రయోగం కూడా చేశారు. 2022 నవంబరులో ఐఐటీ మద్రాస్ వాళ్లే తూత్తుకుడి తీరం నుంచి ఆరు కిలోమీటర్ల దూరాన సముద్రంలో సింధుజ-1 అనే యంత్రాన్ని పరీక్షించారు. అది ఇచ్చేది 100 వాట్లే, ఒక పాతకాలం బల్బు వెలిగేంత. 100 వాట్లేనా అని పెదవి విరిచిన పిల్లవాడికి నేను ఒకటే చెప్పాను: సముద్రంలో పెట్టి, కరెంటు తీసి, లెక్క రాసుకుని, మళ్లీ చెక్కుచెదరకుండా ఒడ్డుకి తేవడమే మొదటి పరీక్ష బాబూ.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అందరూ ఎన్ఐఓటీ అంటారు, మూడో దారిలో పని చేస్తోంది. సముద్రం పైన నీళ్లు 28 డిగ్రీలు ఉంటే వెయ్యి మీటర్ల లోతులో ఆరేడు డిగ్రీలే. ఆ తేడాతో అమ్మోనియా లాంటి ద్రవాన్ని మరిగించి టర్బైన్ తిప్పొచ్చు. 2000ల మొదట్లో సాగర్ శక్తి అనే బార్జి మీద 1 మెగావాట్ ప్రయోగానికి దిగారు. చల్లటి నీళ్లు తోడడానికి మీటరు వ్యాసం, సుమారు కిలోమీటరు పొడవున్న పైపు కావాలి. ఆ పైపుని సముద్రంలోకి దించి బార్జికి తగిలించే పనే కుదరలేదు, పైపు పోయింది. దాన్ని వైఫల్యం అని కొట్టిపారేసినవాళ్లున్నారు. కానీ వాళ్లు ఆగలేదు. అదే చల్లటి నీళ్లతో 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకి లక్ష లీటర్ల మంచినీళ్లిచ్చే ప్లాంటు పెట్టారు. మరిగించడం, మళ్లీ చల్లబరచడం, అంతే, మెంబ్రేన్లు లేవు. ఆ దీవిలో అప్పటి దాకా ఉప్పు నీళ్లు తాగిన ఆడవాళ్లకి ఈ ప్లాంటు అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆ నీళ్ల ప్లాంటుకి కావాల్సిన కరెంటు కూడా సముద్రం నుంచే తీయడానికి 65 కిలోవాట్ల కేంద్రం తలపెట్టారు. డీజిల్ ఓడల్లో మోసుకెళ్లి కరెంటు తీసే దీవులకి సముద్రపు కరెంటు ఖరీదైనా గిట్టుబాటే, విశాఖకి కాదు. మెరైన్ ఎనర్జీ మొదట నిలదొక్కుకునేది అలాంటి చోట్లేనని నా నమ్మకం.

దీనికి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి?

పెద్ద ప్రాజెక్టులకి అప్పులే. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రానికి జపాన్ ప్రభుత్వ సంస్థ రుణం ఇచ్చింది. 2019 మార్చిలో కేంద్రం 25 మెగావాట్లు దాటిన హైడల్‌ని కూడా పునరుత్పాదక ఇంధనంగా గుర్తించింది, అదే ఏడాది ఆగస్టులో సముద్ర శక్తికి కూడా ఆ గుర్తింపు వచ్చింది. 2024 సెప్టెంబరులో 12,461 కోట్ల రూపాయలతో ఒక పథకానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది 31,350 మెగావాట్ల హైడల్ ప్రాజెక్టులకు రోడ్లు, వంతెనలు, లైన్లు, రోప్‌వేల ఖర్చు భరిస్తుంది, అందులో 15,000 మెగావాట్లు పంప్డ్ స్టోరేజీకి. సముద్రం వైపు 2021 జూన్‌లో ఐదేళ్లకు 4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్ వచ్చింది, అందులో సముద్రం నుంచి కరెంటు, మంచినీళ్లు తీయడం ఒక భాగం.

ఇవన్నీ మంచివే. నా బాధల్లా ఒకటే. రోడ్డుకి పద్దు ఉంటుంది, కాంక్రీటుకి ఉంటుంది, యంత్రానికి ఉంటుంది, ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని తయారు చేయడానికి మాత్రం మిగిలితే చూద్దాం అంటారు. నేను పని చేసిన ఒక స్టేషన్లో ఒక సీనియర్ ఫిట్టర్ ఉండేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "సార్, ఎడమ పక్క ప్యాడ్ గీసుకుంటోంది, రెండు వారాల్లో టెంపరేచర్ పెరుగుతుంది చూడండి" అనేవాడు. పదిహేను రోజులకి పెరిగేది. ఆయన రిటైరవబోతున్నాడని ఏడాది ముందే రాసి పంపాం, పక్కన ఇద్దరు కుర్రాళ్లని పెట్టండి నేర్చుకుంటారని. ఎవరినీ పెట్టలేదు. ఆయన దండ వేయించుకుని ఇంటికెళ్లిన ఆరు నెలలకి అదే యూనిట్‌లో బేరింగ్ కాలిపోయింది, నలభై రోజులు మిషన్ ఆగింది. వర్షాకాలంలో నలభై రోజులు! ఎన్ని టీఎంసీలు గేట్ల మీద నుంచి పోయాయో పైన చెప్పిన లెక్కతో మీరే వేసుకోండి.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ మూడింటికీ చోటుంది, జియాలజీ చదివినవాళ్లకి కూడా, ఎందుకంటే సొరంగం తవ్వేటప్పుడు రాయి ఎలా ఉందో చెప్పేది వాళ్లే. బీటెక్ అయ్యాక ఐఐటీ రూర్కీలోని హైడ్రో అండ్ రెన్యూవబుల్ ఎనర్జీ విభాగం మన దేశంలో దీనికి మొదటి పేరు, 1982లో ప్రత్యామ్నాయ జల ఇంధన కేంద్రంగా మొదలైంది. అక్కడ టర్బైన్ మోడళ్లని పరీక్షించే ల్యాబ్ ఉంది. నీళ్ల ప్రవాహం మీద ఆసక్తి ఉంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1916 నాటి కేంద్ర జల పరిశోధన కేంద్రం ఉంది, పోలవరం స్పిల్‌వేకి మోడల్ పరీక్షలు జరిగింది అక్కడే. ఎన్‌హెచ్‌పీసీ లాంటి కేంద్ర సంస్థలు గేట్ పరీక్ష స్కోరు చూస్తాయి, మన జెన్‌కోలు సొంత పరీక్ష పెడతాయి.

సముద్రం వైపైతే ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజినీరింగ్, విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకి అలల సమాచారం ఇచ్చే సంస్థ, మన సముద్రంలో ఎక్కడ ఎంత శక్తి ఉందో చూపే అట్లాస్ కూడా వాళ్లు తయారు చేశారు. డేటా సైన్స్ చదివి ఐటీలోనే ఉండాలా అని అడిగే పిల్లలకి ఈ అట్లాస్ తెరిచి చూడమంటాను.

ఐటీఐ, డిప్లొమా వాళ్లకి అవకాశం ఉందా?

నిజానికి ఎక్కువ అవసరం వాళ్లదే. వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, క్రేన్ ఆపరేటర్. రన్నర్ కింద వెల్లకిలా పడుకుని తలమీదికి వెల్డింగ్ చేయగలిగే మనిషి ఒక జిల్లాలో ఐదారుగురు ఉంటే ఎక్కువ. పంజాబ్‌లోని నంగల్‌లో ఎన్‌పీటీఐ (జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ) వాళ్ల హైడ్రో శిక్షణ కేంద్రం ఉంది. చేరేముందు ఒక్కటి కనుక్కోండి: పర్మనెంటా, కాంట్రాక్టా? కాంట్రాక్టైతే పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? మూడు నెలల జీతం ఆగినా నోరెత్తలేని వాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ప్రమాదకరమైన ఉద్యోగం అంటున్నారు, నిజమేనా?

జాగ్రత్త తప్పితే ప్రమాదకరమే. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగాయి. ఇంజినీర్లు, బ్యాటరీల పనికి వచ్చిన సిబ్బంది కలిపి తొమ్మిది మంది చనిపోయారు. భూగర్భ పవర్ హౌస్‌లో నిప్పు కంటే ముందు చంపేది పొగ, ఎందుకంటే అది పోవడానికి దారి ఉండదు. కేంద్రాన్ని కాపాడాలని వాళ్లు చివరిదాకా ప్రయత్నించారు. మీరు ఏ స్టేషన్లో చేరినా మొదటి రోజే రెండో దారి ఎక్కడుందో అడగండి, కళ్లు మూసుకుని గోడ పట్టుకుని ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి. మాస్కు ఎక్కడుందో, అది పని చేస్తుందో లేదో మీ చేత్తో తీసి చూడండి. ఎవరేమనుకున్నా పర్వాలేదు.

అమ్మాయిలకి పనికొస్తుందా ఈ ఉద్యోగం?

వస్తుంది. మా దగ్గర చేరిన ఒక అమ్మాయి, అసిస్టెంట్ ఇంజినీర్, మొదటి వారమే టర్బైన్ చుట్టూ ఉండే స్పైరల్ కేసింగ్‌లోకి దిగి, నీళ్లని అదుపు చేసే రెక్కల (గైడ్ వేన్ల) గ్యాప్‌లు తానే కొలిచింది, మేం రాసుకున్న లెక్కలో రెండు తప్పులు పట్టింది. ఆ అమ్మాయికి కష్టమైంది పని కాదు. నైట్ షిఫ్ట్‌లో ఆడవాళ్లకి టాయిలెట్ లేదు, దాని కోసం మూడు సార్లు కాగితం రాయాల్సి వచ్చింది. అడగాల్సినవి ఇవే, మొహమాటపడొద్దు.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను, అక్కడ ఈ రంగంలో ఏమైనా ఉందా?

ఉంది. వాళ్ల ఇంధన శాఖ హైడ్రోపవర్‌కి ఒకటి, మెరైన్ ఎనర్జీకి ఒకటి విడివిడిగా కాలేజీ పోటీలు మొదలుపెట్టింది. విద్యార్థి బృందాలు డిజైనూ వ్యాపార ప్రణాళికా తయారు చేసి చూపించాలి. మీ యూనివర్సిటీలో బృందం ఉంటే చేరండి, లేకపోతే ప్రొఫెసర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఆరిగన్ తీరంలో పాక్‌వేవ్ అనే అలల పరీక్షా కేంద్రం ఉంది, స్కాట్లండ్ ఆర్క్నీ దీవుల్లో 2003 నుంచి అలాంటిదే నడుస్తోంది. ఇవి యంత్రాలు కావు, యంత్రాలు తెచ్చి పరీక్షించుకునే చోట్లు. కేబుల్, అనుమతులు, కొలతలు అన్నీ సిద్ధంగా ఉంటాయి, కంపెనీ తన యంత్రంతో వస్తే చాలు. మన తూర్పు తీరానికి ముందు కావాల్సింది అదే. అక్కడ నేర్చుకుని వచ్చి ఇక్కడ పెట్టేవాళ్లు మీలోంచే రావాలని నాకు గట్టిగా ఉంది.

మా కాలేజీ పిల్లలతో పవర్ హౌస్ చూడాలి, ఎలా?

ప్రిన్సిపల్ లెటర్‌హెడ్ మీద చీఫ్ ఇంజినీర్ ఆఫీసుకి నెల ముందు రాయండి, పేర్లు, ఆధార్ నంబర్లు జత చేయండి. వరద రోజుల్లో అన్ని యూనిట్లూ తిరుగుతుంటాయి, చూడ్డానికి బాగుంటుంది గానీ ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. మార్చి నుంచి మే మధ్యలో వెళ్లండి, అప్పుడే ఓవర్‌హాలింగ్ జరుగుతుంది. విప్పిన యూనిట్ ఉంటే డ్రాఫ్ట్ ట్యూబ్ మ్యాన్‌హోల్ దాకా తీసుకెళ్లమని అడగండి. పాత బట్టలు, మడమ గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి, లోపల జారుతుంది. అక్కడ వెల్డింగ్ చేసే మనిషి టీ కోసం బయటికి వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చుని ప్రశ్నలు అడగండి, నోట్‌బుక్ తీసుకెళ్లడం మర్చిపోవద్దు.